కూర్చోబెట్టి కొలిచిన తల

కూతురి మాట మీద త్సెన్సీకి నమ్మకం పోయి ఏళ్ళయింది. కూతురి తల మీద మాత్రం బోలెడంత నమ్మకం. తల అంకె చెబుతుంది కదా మరి! అంకెకు మూలగడం రాదు, ఏడవడం రాదు, హోటల్లో గిరాకీ వేళ చూసుకుని మంచమెక్కడం అసలే రాదు.

కూతురు ఆఫ్రాది పుట్టుకతో వచ్చిన జబ్బు. పుర్రెలో ఊరే నీరు బయటికి పోయే దారి లేక లోపలే నిలిచిపోతుంది. పసిగుడ్డుగా ఉన్నప్పుడే డాక్టర్లు తలలోంచి పొట్టలోకి చర్మం కిందుగా సన్నటి గొట్టం వేసి, మధ్యలో చిన్న కవాటం పెట్టారు. ఆ గొట్టం పూడుకుంటే నీరు పేరుకుంటుంది, తల లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ముందు పోయేవి కళ్ళు, తర్వాత ప్రాణం. ఈ సంగతి డాక్టర్లు త్సెన్సీకి ఒకసారి కాదు, నూరుసార్లు చెప్పారు. పాపం తెలియక చేసింది అనడానికి వీల్లేదు. ముందే చెబుతున్నాను.

అయితే ఆమె పడ్డ పాట్లూ తక్కువేం కాదు. పిల్ల తల పట్టుకుందంటే చాలు, బీరు హోటలు మూసెయ్యడం, సగం తిన్న గిరాకీలను క్షమించమని పంపెయ్యడం, మ్యూనిక్ దాకా కారు తోలడం, అక్కడ తలకు ఫొటోలు తీయించడం. సగం సార్లు ఏమీ ఉండేది కాదు. ఒక ఏడాది చర్చి పండగ నాడైతే హెలికాప్టరే వచ్చి బంగాళదుంప చేలో దిగింది. ఊరంతా బాతుమాంసం కంచాలు పట్టుకుని బయటికొచ్చి నిలబడి చూసింది. తీరా ఆస్పత్రికి వెళితే పిల్లకు జలుబు! ఆ రోజునుంచి ఆఫ్రా పేరు హెలికాప్టర్ రాణి అయిపోయింది. ఆ నవ్వు త్సెన్సీ చెవుల్లోంచి పోలేదు.

అందుకే డాక్టర్లు ఆఫ్రా నెత్తిమీది చర్మం కింద గుండీ అంత సెన్సర్ పెట్టినప్పుడు త్సెన్సీ చర్చికి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించింది. దానికి తీగ లేదు, బ్యాటరీ లేదు. గుండ్రటి మిషను ఒకటి ఇస్తారు. దాన్ని జుట్టు మీద ఆనిస్తే లోపలి ఒత్తిడి ఎంతో అంకె పడుతుంది. “దిండు తీసేసి వెల్లకిలా పడుకోబెట్టండి. కాసేపాగి కొలవండి. ఇరవై దాటితే ఇంకేమీ ఆలోచించకుండా వచ్చెయ్యండి” అని నర్సు నేర్పింది. మూడేళ్ళు అలాగే నడిచింది. పది, పదకొండు, తొమ్మిది. పదకొండు పడితే “లే, లేచి బల్లలు తుడువు” అనేది త్సెన్సీ. ఆఫ్రా లేచి తుడిచేది. ఇద్దరికీ హాయిగానే ఉండేది.

మంచు కరిగే రోజుల్లో దక్షిణం కొండల మీంచి ఫ్యోన్ గాలి దిగుతుంది. వెచ్చటి గాలి. అది వీచిందంటే మా వైపు సగం మందికి తలనొప్పి, మిగతా సగానికి చిరాకు. అలాంటి ఒక పొద్దున ఊళ్ళో వడ్రంగి చనిపోతే, ఖననం అయ్యాక భోజనాలు త్సెన్సీ హోటల్లోనే పెట్టుకున్నారు. వంటింట్లో మొగుడు ఎగిడ్ కుడుములు చుడుతున్నాడు. ఆఫ్రా మంచం దిగలేదు.

“తల పగిలిపోతోందమ్మా” అంది.

త్సెన్సీ మిషను తెచ్చి ఆనించింది. ఇరవై నాలుగు. గుండె జారిపోయింది. అబద్ధమెందుకు, నిజంగానే జారిపోయింది. కింద వంటింట్లో ఉన్న ఫోను దగ్గరికి పరుగెత్తింది. ఆ లోపల ఆఫ్రా గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చి కుర్చీలో కూలబడింది. ఆస్పత్రివాళ్ళకు సరిగ్గా చెప్పాలి కదా అని త్సెన్సీ మళ్ళీ ఒకసారి కొలిచింది. తొమ్మిది.

ఫోను పెట్టేసింది. పిల్లను బెంచీ మీద పడుకోబెట్టింది. ఇరవై మూడు. లేపి కూర్చోబెట్టింది. తొమ్మిది.

“ఓహో!” అంది త్సెన్సీ. నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఒసే నంగనాచీ! పడుకుంటే ఇరవై మూడూ, లేస్తే తొమ్మిదా? ఎన్నాళ్ళనుంచే ఈ ఆట?”

“ఆటేంటమ్మా? నర్సు పడుకోబెట్టే కొలవమంది కదా.”

“ఆవిడకేం పోయింది! ఆస్పత్రిలో అందరూ పడుకునే ఉంటారు. ఇది హోటలు. ఇక్కడ మనుషులు నిలబడి పనిచేస్తారు.”

“ఓసారి ఆస్పత్రికి ఫోన్ చేసి అడగరాదూ, ఎందుకొచ్చిన గొడవ...” అన్నాడు ఎగిడ్, పిండి చేతులతో.

“నువ్వు నీ కుడుములు చూసుకో. అవి విచ్చిపోతున్నాయి.” కూతురి వైపు తిరిగింది. “పడుకుంటే పెరిగేది జబ్బు కాదే, బద్ధకం! ఇకనుంచి నిన్ను కూర్చోబెట్టే కొలుస్తా. నలుగురిలో కొలుస్తా. నీ వేషాలు నా దగ్గర కాదు.”

ఆ రోజు ఆఫ్రా అరవైమందికి వడ్డించింది. మధ్యలో రెండుసార్లు పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకుంది. త్సెన్సీ చూసింది. చావుభోజనాల్లో ఎవరికీ కనబడకుండా వాంతి చేసుకునే పనిమంతురాలు తన కూతురు అని కొంచెం గర్వపడింది కూడా.

‘జబ్బు కాదు, బద్ధకం’ అన్న తన మాట త్సెన్సీకే ఎంతగానో నచ్చింది. సాయంత్రం పొయ్యి పక్కన గుండ్రబల్ల దగ్గర ఆ మాట మళ్ళీ చెప్పింది. ఆ బల్ల పాత గిరాకీలది. వాళ్ళు రాని రోజున కూడా అక్కడ ఇంకెవరూ కూర్చోరు. వాళ్ళకు పెద్ద, అడవిగార్డుగా పనిచేసి మానుకున్న ఫీటుస్ అనే ముసలాయన. మనిషి చెడ్డవాడు కాదు. పనిలేనివాడు. అది ఇంకా ప్రమాదం.

“ఇవాళ మీ పిల్ల తల ఎంత చెబుతుందో నే చెప్పనా త్సెన్సీ?” అన్నాడు ఫీటుస్. “ఎనిమిది.”

“పదకొండు” అన్నాడు పక్కాయన.

“పందెమా?”

“పందెమే. ఓడినోడు బీరు పోయించాలి.”

అందరూ బల్ల గుద్దారు. త్సెన్సీ క్షణం తటపటాయించింది. క్షణమే. నవ్వుంటే బీరు అమ్ముడుపోతుందని హోటలు నడిపేవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆఫ్రాను పిలిచి, బల్ల దగ్గర అందరి మధ్యకు కుర్చీ లాగి కూర్చోబెట్టి, ఏప్రాన్ విప్పనివ్వకుండానే నెత్తిమీద మిషను పెట్టింది.

“కదలకే రేడియో పిల్లా, స్టేషను తప్పిపోతుంది” అన్నాడు ఫీటుస్.

పదకొండు. పక్కాయన గెలిచాడు. ఇక ప్రతి సాయంత్రం ఇదే తంతు. పక్క ఊళ్ళవాళ్ళు కూడా వినివచ్చి బల్ల చుట్టూ నిలబడి పందెం కాసేవారు. ఆఫ్రా తల వంచుకుని కూర్చునేది. ఇరవై రెండేళ్ళ పిల్ల. సంతలో బర్రె పళ్ళు చూసినట్టు చూసేవారు.

అంకె మెల్లగా పన్నెండైంది, పదమూడైంది. ఇరవైకి ఎక్కడ? ఇంకా చాలా దూరమే కదా అనుకుంది త్సెన్సీ.

“వంగితే కళ్ళముందంతా బూడిదరంగైపోతోందమ్మా” అంది ఆఫ్రా ఒక పొద్దున, గ్లాసులు కడుగుతూ. “రెప్పపాటు. మళ్ళీ చూపొస్తోంది. కానీ ఆ కాస్తలో మొత్తం పోతోంది, ఏమీ కనిపించట్లేదు.”

“అయితే వంగకు.”

“అమ్మా, ఒక్కసారి పడుకోబెట్టి కొలువు. ఒక్కసారే. నీ కాళ్ళు పట్టుకుంటా.”

“మళ్ళీ మొదలెట్టావూ! పడుకుంటే నీకు కావలసిన అంకె వస్తుందని నీకూ తెలుసు, నాకూ తెలుసు.”

మిషను త్సెన్సీ నడుముకు వేలాడే సంచీలో ఉండేది, హోటలు తాళాలతో పాటు. రాత్రి తలగడ కింద పెట్టుకునేది. ఒకరోజు ఎగిడ్ పిల్లను చూసి ఉండబట్టలేక, “దానికి కళ్ళు తేడాగా ఉన్నాయే, ఒక కన్ను లోపలికి తిరుగుతోంది” అన్నాడు. “నీ వంట తిని నాకూ తిరుగుతున్నాయ్” అంది త్సెన్సీ. ఆయన మళ్ళీ పొయ్యి వైపు తిరిగాడు. ఆ ఇంట్లో ఆయన మాట చెవిటివాడి ముందు ఊదిన శంఖమే. ఆ సంగతి తెలిసి గట్టిగా ఊదడం ఎప్పుడో మానేశాడు.

ఒక్కో మనిషీ ఇద్దరుగా కనిపించడం మొదలైంది ఆఫ్రాకు. ఫీటుస్ ముందు పెట్టాల్సిన బీరు మగ్గును ఆయన మోచేతి పక్కన గాలిలో ఉంచబోయి, చివరి క్షణంలో సర్దుకుంది.

“ఏమే, నేను కనబడట్లేదా?”

“ఇద్దరు కనబడుతున్నారు తాతా.”

“దేవుడోయ్! ఒక్క ఫీటుసే ఈ ఊరికి ఎక్కువ!” అన్నాడాయన. బల్లంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. త్సెన్సీ కూడా నవ్వింది. నవ్వాక కూతుర్ని వంటింట్లోకి లాక్కెళ్ళి, “గిరాకీల ముందు నీ రోగాల జాబితా విప్పితే చెంప పగులుతుంది” అంది.

ఆఖరికి ఆఫ్రా పోరు పడలేక ఆస్పత్రికి ఫోన్ చేసింది త్సెన్సీ. పిల్ల వినాలని ఫోను గట్టిగా వినబడేట్టు పెట్టింది.

“అంకె ఎంతండీ?” అంది అవతలి నర్సు.

“పదమూడు. రోజూ పన్నెండు, పదమూడు. ఎప్పుడూ ఇరవై దాటలేదు.” మొదటిరోజు ఇరవై నాలుగు ఆమె లెక్కలో లేదు. అది దొంగ అంకె కదా.

“పదమూడంటే చాలా బాగున్నట్టండీ. ఈ గాలికి ఇక్కడ మా అందరికీ తలనొప్పులే. మంచినీళ్ళు బాగా తాగమనండి.” పడుకోబెట్టి కొలిచారా అని నర్సు అడగలేదు. అందరికీ నేర్పేది అదే. మనుషులు మరోలా కొలుస్తారని ఆమెకు తట్టలేదు.

త్సెన్సీ ఫోను పెట్టేసి కూతురి వైపు చూసింది. గెలిచిన చూపు అది. ఆఫ్రా నెమ్మదిగా అడిగింది.

“అయితే నాకు నిజంగా నొప్పి లేదా అమ్మా? నేనే ఊహించుకుంటున్నానా?”

“ఇప్పుడు దారికొచ్చావ్” అంది త్సెన్సీ, ఆపిల్ కేకు ముక్క కోసి పెట్టింది. పైన మీగడ కూడా వేసింది. ఆఫ్రా మీగడ ఎక్కడుందో వెతుక్కుంటూ చెంచా ఆడించింది. ఆ రోజు తర్వాత పిల్ల ఒక్కసారి కూడా నొప్పి అనలేదు. గోడలు తడుముకుంటూ నడవడం నేర్చుకుంది. గట్టిగా పళ్ళు బిగించి నవ్వడం నేర్చుకుంది. పిల్ల బాగుపడిందని త్సెన్సీ నలుగురికీ చెప్పుకుంది. తల్లులందు ఈ తల్లి వేరయా అని నేనంటే మీరు నన్ను తిడతారు గానీ, ఇంతకంటే మంచి మాట నాకు దొరకడం లేదు.

బాప్తిస్మం భోజనాలు ఒక ఆదివారం మధ్యాహ్నం. కిటికీల్లోంచి ఎండ బల్లల మీద పరుచుకుని ఉంది. హాలంతా జనం. ఆఫ్రా రెండు చేతుల్లో మూడేసి బీరు మగ్గులు పట్టుకుని వంటింటి గుమ్మం దాటి వచ్చింది. నాలుగడుగులు వేసి ఆగింది. హాలు నట్టనడుమ, చుట్టుపక్కల బల్లే లేని చోట, మర్యాదగా నడుం వంచి ఆరు మగ్గులనూ గాలిలో పెట్టేసింది.

గాజు పగిలిన చప్పుడుకు పసిబిడ్డ కేరుమంది. తర్వాత అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆఫ్రా మాత్రం బల్ల మీద చెయ్యి ఆనించబోతున్నట్టు అలాగే వంగి ఉంది. ఎండ నేరుగా ముఖాన పడుతోంది, రెప్ప ఆర్పడం లేదు.

త్సెన్సీ వచ్చి చెంప ఛెళ్ళుమనిపించింది. చేతిని చూసి ఎవరైనా తల తప్పిస్తారు. ఆఫ్రా తప్పించలేదు. దెబ్బ పడ్డాక, “ఎవరు?” అంది.

అప్పుడు నవ్వులు ఆగిపోయాయి.

వంటింట్లోంచి ఎగిడ్ వచ్చాడు. జీవితంలో మొదటిసారి పెళ్ళాన్ని పక్కకు తోశాడు. కూతుర్ని ఎత్తి, ఫీటుస్‌ను లేపి, గుండ్రబల్ల బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. త్సెన్సీ నడుం సంచీలోంచి మిషను లాక్కుని పిల్ల నెత్తిమీద ఆనించాడు.

ముప్ఫై ఎనిమిది.

“నువ్వు పడుకోబెట్టావుగా, అందుకే!” అని అరిచింది త్సెన్సీ. “పడుకోబెడితే పెరుగుతుందని చెప్పానా లేదా?”

ఫీటుస్ తన టోపీ కోసం వెతుక్కున్నాడు. హెలికాప్టర్ మళ్ళీ బంగాళదుంప చేలోనే దిగింది. ఈసారి కంచాలు పట్టుకుని ఎవరూ బయటికి రాలేదు.

మ్యూనిక్‌లో ఆ సాయంత్రమే పాత కవాటం తీసి కొత్తది వేశారు. నీరు దిగింది, నొప్పి పోయింది, వాంతులు పోయాయి. కళ్ళు తిరిగి రాలేదు. కంటి వెనక నరం వారాల తరబడి నలిగి ఎండిపోయిందని, ఇక రావని, ఆపరేషన్ చేసిన డాక్టర్ షాల్ చెప్పింది. ఆమె చెప్పింది ఆఫ్రాకే, మంచం పక్కన కుర్చీ వేసుకుని, దాచకుండా. ఆఫ్రా ఏడవలేదు. తల్లి చెయ్యి వెతికి పట్టుకుంది. త్సెన్సీ ఆ చేతిని ముద్దుపెట్టుకుని భోరుమంది. ఎగిడ్ అక్కడ ఉండలేక కిందికి వెళ్ళి కారులో కూర్చున్నాడు.

రెండో రోజు డాక్టర్ షాల్ ఆ మిషను చేత్తో పట్టుకుని వచ్చింది. నర్సు వెనకాలే ఉంది.

“నాకొకటి అర్థం కావట్లేదండీ” అంది డాక్టరు. “ఇందులో నిలిచిన అంకెల్లో, ఒకే పూట ఇరవై నాలుగు, తొమ్మిది, ఇరవై మూడు, మళ్ళీ తొమ్మిది ఉన్నాయి. తర్వాత వారాల పాటు పదకొండు, పన్నెండు, పదమూడు. చివర్లో ఒక్కసారిగా ముప్ఫై ఎనిమిది. కవాటం చూస్తే ఎప్పుడో పూడుకుపోయింది. పడుకున్న మనిషికి ఆ రోజుల్లో పదమూడు రావడం జరగని పని. ముప్ఫై దాకా ఉండాలి.” మిషనును చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. “కూర్చుని ఉంటే తగ్గుతుంది. అది అందరికీ అంతే. నీరు కిందికి దిగుతుంది కదా. బాగున్న తలైతే, కూర్చుంటే సున్నా కంటే కిందికి పోతుంది. కూర్చున్న మనిషికి పదమూడంటే... అది నవ్వులాట కాదు, ఆ పూటే ఇక్కడికి తేవాల్సిన అంకె. మీరు పడుకోబెట్టే కొలిచారు కదండీ?”

త్సెన్సీకి తెలివి తక్కువని ఎవరూ అనలేరు. పొయ్యి పక్కన కుర్చీ, నెత్తిమీద మిషను, గుండ్రబల్ల, పగలబడి నవ్విన నవ్వులు, అన్నీ ఒక్క రెప్పపాటులో కళ్ళముందు తిరిగాయి. తాను ఏం చేసిందో ఆ రెప్పపాటులోనే తెలిసింది. తెలిసి నోరు తెరిచింది.

“పడుకోబెట్టే కొలిచాను, డాక్టరుగారూ. మీరు నేర్పినట్టే. దిండు తీసేసి.”

ఆఫ్రా వేళ్ళు ఆమె చేతిలో బిగుసుకున్నాయి. తర్వాత ఒక్కొక్కటే వదిలేశాయి.

డాక్టరు నిట్టూర్చింది. “అయితే సెన్సరే చెడిపోయింది. వారాల తరబడి తప్పు చెప్పి, పిల్ల కళ్ళు తీసింది. అలాంటిదాన్ని తలలో ఉంచలేం. ఇంకోసారి తెరిచి తీసెయ్యాలి. ఇంత త్వరగా మళ్ళీ తెరవడం మంచిది కాదు, చీము పట్టే భయం ఉంది. తీసేశాక ఇక కొలిచే సాధనం ఉండదు. నొప్పొచ్చినప్పుడల్లా పాతరోజుల్లో లాగా పరుగెత్తుకు రావాలి. పైగా తనకు చూపు మసకబారితే తెలిసే దారి కూడా ఇప్పుడు లేదు. అయినా తప్పదు. ఏమంటారు?”

ఇంకోసారి తల తెరుస్తారని త్సెన్సీ విన్నది. చీము అన్న మాటా విన్నది.

“తీసెయ్యండి” అంది. “అది అబద్ధాల మిషను.”

“డాక్టర్” అంది ఆఫ్రా. “ఇంకొక్కసారి చెప్పండి. కూర్చుంటే తగ్గుతుందన్నారా?”

“అవునమ్మా.”

“అందరికీనా?”

“అందరికీ.”

ఆఫ్రా తల్లి గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. కొంచెం పక్కకు తప్పింది, కిటికీకీ తల్లికీ మధ్య గోడను చూస్తున్నట్టుంది. “నన్ను ఎక్కడ కొలిచేదానివో డాక్టరుగారికి చెప్పమ్మా.”

“మత్తింకా దిగలేదండీ దీనికి” అంది త్సెన్సీ డాక్టరుతో. “పడుకో తల్లీ. తర్వాత మాట్లాడుకుందాం, బంగారూ.”

ఆఫ్రా పుట్టి ఇరవై రెండేళ్ళు. తల్లి నోట బంగారూ అన్న మాట వినడం అదే మొదలు.

“నన్ను కుర్చీలోనే కొలిచేది, డాక్టర్” అంది ఆఫ్రా. “రోజూ సాయంత్రం, తాగేవాళ్ళ మధ్యన కూర్చోబెట్టి. అంకె మీద వాళ్ళు పందేలు కాసేవాళ్ళు. పడుకోబెట్టి కొలవమని కాళ్ళు పట్టుకుంటానన్నాను. బద్ధకం అంది. నాకు నిజంగానే బద్ధకమేమో అనుకున్నాను. ఏమీ కనిపించకపోయినా కనిపిస్తున్నట్టు తిరిగాను.”

“ఆఫ్రా, నేనేదో నీ మంచికే...”

“మిషను మంచిదే డాక్టర్. అది నిజమే చెప్పింది. దాన్ని ఉండనివ్వండి” అంది ఆఫ్రా. “ఆవిణ్ణి పంపించెయ్యండి.”

డాక్టర్ షాల్ మిషనును మంచం పక్క బల్ల మీద పెట్టింది. త్సెన్సీ ముఖం వైపు చూడకుండా తలుపు చూపించింది. త్సెన్సీ లేచింది, నడిచింది, గుమ్మం దగ్గర ఆగిపోయింది. పిల్లకు కనిపించదు కదా, చప్పుడు చెయ్యకుండా ఇక్కడే గోడవార నిలబడితే ఎవరికి తెలుస్తుంది అనుకుంది. ఊపిరి బిగబట్టింది.

“వెళ్ళిందా?” అని అడిగింది ఆఫ్రా.

నర్సు గుమ్మం వైపు చూసింది. త్సెన్సీ రెండు చేతులూ జోడించింది, చెప్పొద్దని తల అడ్డంగా ఊపింది.

“లేదమ్మా” అంది నర్సు. “గుమ్మం దగ్గరే నిలబడింది.”

“అయితే తను వెళ్ళేదాకా నాతో ఎవరూ మాట్లాడకండి.”

గదిలో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి నర్సు వంకెకు తగిలించి ఉన్న త్సెన్సీ కోటు తెచ్చి, ఆమె చేతిలో పెట్టింది.